బుచ్చమ్మ వేషం కట్టాక

గురజాడ అప్పారావు నాటకం ‘కన్యాశుల్కం’ అనగానే అందరికీ గిరీశం మాటలు, మధురవాణి తెలివి గుర్తొస్తాయి. నాకు వచ్చింది బుచ్చమ్మ వేషం. ఊహ తెలియని వయసులో పెళ్లయి, విధవగా పుట్టింట్లో మిగిలిపోయిన పిల్ల.

రిహార్సల్స్‌లో మా దర్శకుడు సంభాషణల కంటే ముందు, 1897 నాటి తొలి ముద్రణకు గురజాడ రాసిన ఇంగ్లీషు ముందుమాట చదివించారు. విజయనగరం మహారాజా విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో ఆడపిల్లకు వెల కట్టి చేసిన శుల్క వివాహాల జాబితా తీయిస్తే 1,034 తేలాయి. ఆ పెళ్లికూతుళ్లలో ఏడాది వయసు పసిపిల్లలు ముగ్గురు. ఒక్కొక్కరి వెల 350 నుంచి 400 రూపాయలు. అది విన్నాక, నాటకంలో బుచ్చమ్మ చెల్లెలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు కట్టబెట్టే ప్రయత్నం మాకెవరికీ ఉత్త హాస్యంగా తోచలేదు.

గిరీశం బుచ్చమ్మకు మాయమాటలు చెబుతుంటే జనం నవ్వుతారు. ఆ నవ్వులో నేను కలవకూడదు, జాలి కోసం ఏడవనూ కూడదు. చెల్లెలి పెళ్లి తప్పించాలన్న ఆరాటంతో, నమ్మకంగా వినాలి. ఎక్కడ ఎంత దగ్గరగా నిలబడాలో సహనటుడూ నేనూ ముందే మాట్లాడుకున్నాం. సన్నివేశం ముగిశాక కాసిన్ని మంచినీళ్లు తాగి, ఒకరినొకరం సొంత పేర్లతో పిలుచుకునేవాళ్లం. బరువైన పాత్రను దించుకోవడం కూడా సాధనలో భాగమే.

1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన ఈ నాటకానికి ఇప్పటికీ పని ఉంది. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు అమ్మాయి పెళ్లి బాల్యవివాహమే. మీ వీధిలో అలాంటి పెళ్లి మాట వినిపిస్తే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి.