అబర్డీన్ బజార్ ఆవర్జా: తాళంచెవి ఎవరి చేతిలో?

అండమాన్, నికోబార్ ద్వీపాల రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. నగరం పేరు మారినా, గడియార స్తంభం చుట్టూ అల్లుకొని ఉన్న అబర్డీన్ బజార్ మాత్రం జనం నోట అబర్డీన్ బజార్‌గానే నిలిచింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాలలో నూటికి 13 మందికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. వారిలో అధికులు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి తరలివచ్చిన కుటుంబాలవారు. అందుచేత ఈ బజారులో తెలుగులో బేరమాడి, తెలుగులోనే అరువు చెప్పి సరుకు తెచ్చుకోవడం వింతేమీ కాదు.

ఆ అరువు పద్దు మొన్నమొన్నటి దాకా చిట్టాకు, అక్కడి నుండి ఆవర్జాకు ఎక్కేది. పుస్తకం గల్లాపెట్టె ప్రక్కనే ఉండేది. రాత్రి షట్టరు దించి తాళం వేస్తే పుస్తకానికి కూడా తాళం పడినట్లే లెక్క. నేడు ఎందరో వ్యాపారులు అదే పద్దును ఫోనులోని లెక్కల యాప్‌లో వ్రాస్తున్నారు. అది సముద్రం దాటి, ప్రధాన భూభాగంలోని ఏదో ఒక డేటా కేంద్రంలో నిలుస్తున్నది. కొనుగోలుదారు పేరు, ఫోను నంబరు, ఇంటి చిరునామా, ఎంత బాకీ, ఎన్నాళ్ళ బాకీ అన్నీ అందులో ఉంటాయి. బాకీ అనేది ఇచ్చినవానికి, పుచ్చుకున్నవానికి మధ్య ఉండవలసిన విషయం. నలుగురూ నలుగురికి తెలిసిన ద్వీప పట్టణంలో అది బయటపడితే పోయేది డబ్బు కాదు, కుటుంబ మర్యాద. ఇట్టి సమాచారాన్ని ఆ సాఫ్ట్‌వేర్ సేవలు ఎట్లా దాస్తున్నవి, ఎంతవరకు కాపాడగలవు అనేది మన ఉద్యోగులకు, వారి ఇళ్ళలోని చిన్న వ్యాపారులకు తెలిసి ఉండవలసిన విషయం.

సముద్రగర్భంలో దారి

మొదట దారి సంగతి. 2020 వరకు ఈ ద్వీపాలకు ఇంటర్నెట్ ప్రధానంగా ఉపగ్రహం మీదనే ఆధారపడి ఉండేది. భూస్థిర ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. సంకేతం పైకి వెళ్ళి క్రిందికి రావడానికి సుమారు పావు సెకను, దాని జవాబు రావడానికి మరో పావు సెకను. ఆ ఆలస్యానికి తోడు ఇరుకైన సామర్థ్యం. అట్టి స్థితిలో లెక్కల పుస్తకాన్ని మరొక ఊరిలో ఉంచి ఇక్కడ వ్యాపారం చేయడం ఊహకు కూడా అందేది కాదు. 2018 డిసెంబరు 30న శంకుస్థాపన జరిగి, 2020 ఆగస్టు 10న ప్రారంభమైన చెన్నై–అండమాన్ నికోబార్ సముద్రగర్భ కేబుల్ ఈ పరిస్థితిని మార్చివేసింది. దీని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, వ్యయం రూ. 1,224 కోట్లు. భారత్ సంచార్ నిగమ్ లిమిటెడ్ నిర్వహించిన ఈ పని చెన్నైని పోర్ట్ బ్లెయిర్‌తోను, అక్కడి నుండి స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలండ్, రంగత్‌లతోను కలిపింది. గాజు పోగులో వెలుగు సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది గనుక, చెన్నైకి వెళ్ళి రావడానికి సెకనులో నూరవ వంతు కంటె కొంచెం ఎక్కువ పడుతుంది. అంతే.

ఈ దారిలో సమాచారం దొంగిలించబడుతుందేమోనని చాలామందికి భయం. ఆ భయానికి ఆధారం తక్కువ. ఫోను నుండి సర్వర్‌కు వెళ్ళే సమాచారం టి.ఎల్.ఎస్. అనే పద్ధతిలో గూఢలిపిగా మారి ప్రయాణిస్తుంది. మొదట రెండు కొసలలోని యంత్రాలు కొన్ని సంఖ్యలు ఇచ్చి పుచ్చుకొని, దారిలో వినేవానికి తెలియకుండానే ఒక ఉమ్మడి తాళంచెవిని తయారు చేసుకుంటాయి. నడుమ ఎవడైనా తీగకు చెవి పెట్టినా వానికి వినిపించేది అర్థంలేని అంకెల గలగల మాత్రమే. దారి ఈపాటికి చాలావరకు భద్రమైంది. అసలు ప్రశ్న దారి ముగిసిన తరువాత మొదలవుతుంది.

గిడ్డంగిలో బస్తాలు

సేవ నడిపే సంస్థ ప్రతి వ్యాపారికీ ఒక వేరు కంప్యూటరు కేటాయించదు. ఒకే పెద్ద గిడ్డంగిలో వేల దుకాణాల సరుకును నిలువ చేసి, ప్రతి బస్తా మీద యజమాని గుర్తు వేసినట్లు, ఒకే డేటాబేసులో అందరి పద్దులూ ఉంచి, ప్రతి పద్దుకూ ఆ వ్యాపారి గుర్తింపు సంఖ్యను తగిలిస్తుంది. పద్దు అడిగిన ప్రతిసారీ "అడుగుతున్నది ఎవరు, బస్తా మీది గుర్తు ఎవరిది" అని ప్రోగ్రాము సరిపోల్చి చూడాలి. ఒక్కచోట చూడడం మరచిపోతే చాలు, బిల్లు సంఖ్యలో ఒక అంకె మార్చి అడిగినవానికి ప్రక్క దుకాణం బిల్లు కనిపిస్తుంది. వినడానికి హాస్యాస్పదంగా ఉన్నా, ప్రపంచ వ్యాప్తంగా ఇంటర్నెట్ సేవలలో అతి తరచుగా బయటపడే లోపాలలో ఇది ఒకటి. దీనికి గూఢలిపి మందు కాదు. ఏలయనగా, ఇక్కడ తాళం బద్దలు కాలేదు. కాపలాదారే తలుపు తీసి ఇచ్చాడు.

నిలువ ఉన్న సమాచారాన్ని డిస్కులో కూడా గూఢలిపిలోనే ఉంచుతారు. సాధారణంగా వాడే ఎ.ఇ.ఎస్. 256 పద్ధతిని బలప్రయోగంతో ఛేదించడం నేటి యంత్రాలకు సాధ్యం కాదు. అయితే బీరువా ఎంత గట్టిదైనా తాళంచెవిని దాని నెత్తినే పెడితే ప్రయోజనమేమి? అందుకే మంచి సేవలలో సమాచారానికి వేసిన తాళంచెవిని మరొక పెద్ద తాళంచెవితో మూసి, ఆ పెద్దదానిని వేరొక ప్రత్యేక యంత్రంలో ఉంచుతారు. అది ఆ యంత్రం దాటి బయటకు రాదు. తెరవవలసినప్పుడు చిన్న తాళంచెవినే అక్కడికి పంపి తెరిపించుకుంటారు. అట్లా పంపిన ప్రతిసారీ ఎవరు, ఎప్పుడు అన్నది నమోదవుతుంది.

పాస్‌వర్డుల సంగతి ఇంకా వేరు. వాటిని తిరిగి తెరవగలిగే విధంగా దాచనే కూడదు. బియ్యాన్ని పిండి పట్టవచ్చును గాని పిండి నుండి బియ్యం తీయలేము గదా. హాష్ అనే గణిత ప్రక్రియ అట్టిదే. పాస్‌వర్డును పిండి చేసి, ఆ పిండిని మాత్రమే దాస్తారు. మీరు మళ్ళీ పాస్‌వర్డు చెప్పినప్పుడు దానినీ పిండి చేసి, రెండు పిండులూ ఒకటేనా అని చూస్తారు. ఇద్దరి పాస్‌వర్డు ఒకటే అయినా పిండి వేరుగా కనిపించేందుకు ఒక్కొక్కరికి ఒక్కొక్క యాదృచ్ఛిక సంఖ్యను కలుపుతారు. దానిని ఇంజనీర్లు 'సాల్ట్', అంటే ఉప్పు అనే పిలుస్తారు. ఈ లెక్కన "పాస్‌వర్డు మరచిపోయాను" అని మీరు అడిగితే పాత పాస్‌వర్డునే తిరిగి పంపించే సేవ ఏదైనా ఉంటే, దానిలో మీ పద్దులు వ్రాయడం నేటితో మానివేయండి. వారు పిండి పట్టడం లేదని అర్థం.

ఇంటిలోని మనిషి

అబర్డీన్ అనే పేరుకు ఈ విషయంతో ఒక చారిత్రక సంబంధం ఉన్నది. 1859 మే నెలలో గ్రేట్ అండమానీలు తమ భూమిని ఆక్రమించిన బ్రిటిష్‌వారి స్థావరం మీద దాడికి సిద్ధమయ్యారు. దానినే అబర్డీన్ యుద్ధం అంటారు. శిక్షపడి ఇక్కడికి తేబడి, తప్పించుకొని అడవిలో దాదాపు ఏడాదిపాటు అండమానీల మధ్యనే బ్రతికిన దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ, దాడికి ముందే వెళ్ళి ఆ రహస్యాన్ని బ్రిటిష్ అధికారులకు చెప్పివేశాడు. విల్లంబులతో వచ్చినవారు సిద్ధంగా ఉన్న తుపాకులకు ఎదురయ్యారు. తివారీకి క్షమాభిక్ష లభించింది. వారి సంకేతాలను ఎవరూ దారిలో పట్టుకోలేదు. అన్నం పెట్టి ఆదరించిన ఇంటిలోని మనిషి ద్వారానే రహస్యం వెళ్ళిపోయింది.

మన రోజులలో హైదరాబాదులో జరిగినదానిని చూడండి. 2022 జనవరిలో ఎ.పి. మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుండి దుండగులు సుమారు రూ. 12.48 కోట్లు ఇతర ఖాతాలకు మళ్ళించారు. పోలీసులు వెల్లడించిన వివరాల ప్రకారం, అంతకు రెండు నెలల ముందు బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా మోసపూరిత ఈ-మెయిళ్ళు వచ్చాయి. వాటిని తెరిచినవారు ఇద్దరే. ఆ ఇద్దరి కంప్యూటర్ల ద్వారా లోపల ప్రవేశించిన ప్రోగ్రాము, మీటలు నొక్కిన తీరును సైతం నమోదు చేసి బయటకు పంపింది. సర్వాధికారాలు గల ఖాతాలు అవసరానికి మించి ఉండడం, వాటిలో కొన్నింటికి ఒకే పాస్‌వర్డు ఉండడం దొంగల పనిని సులభం చేశాయి. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు రూ. 65 లక్షల జరిమానా విధించింది. ఇందులో ఎక్కడా గూఢలిపిని ఛేదించిన ఘనకార్యం లేదు. ఉన్న తాళంచెవులను తీసుకొని తలుపులు తెరిచారు.

విద్యుత్ విభాగంలో పనిచేసిన సోదర ఉద్యోగులకు 'లైన్ క్లియర్' పద్ధతి కొత్త కాదు. లైను మీద పని చేయవలసినవాడు పుస్తకంలో సంతకం చేసి లైన్ క్లియర్ తీసుకోవాలి. పని ముగిశాక తీసుకున్నవాడే తిరిగి ఇవ్వాలి. అంతవరకు మరెవరూ స్విచ్ వేయరాదు. క్రమశిక్షణ గల సాఫ్ట్‌వేర్ సంస్థలలోనూ ఇదే నియమం. ఖాతాదారు ఫిర్యాదు పరిష్కరించడానికి అతని పద్దు చూడవలసిన ఉద్యోగి కారణం వ్రాసి, పై అధికారి అనుమతితో, నిర్ణీత గంటలకు మాత్రమే తలుపు తెరిపించుకుంటాడు. గడువు తీరగానే తలుపు దానంతటదే మూతబడుతుంది. ఏ సేవనైనా నమ్మవచ్చునా అని నన్ను అడిగేవారికి నేను చెప్పేది ఒకటే: వారు ఏ గూఢలిపి వాడుతున్నారో తరువాత అడుగుదురు గాని, మీ పద్దులను వారి ఉద్యోగులలో ఎంతమంది, ఎవరి అనుమతితో చూడగలరో మొదట అడగండి.

ఎందుకంటే బయటపడిన సమాచారానికి అంగడి సిద్ధంగా ఉన్నది. 2023 ఏప్రిల్‌లో సైబరాబాద్ పోలీసులు పట్టుకొన్న ఒక వ్యక్తి వద్ద 24 రాష్ట్రాలకు, 8 మహానగరాలకు చెందిన సుమారు 66.9 కోట్ల వ్యక్తుల, సంస్థల వివరాలు అమ్మకానికి ఉన్నట్లు వారు ప్రకటించారు. "నా ఫోను నంబరు వీళ్ళకు ఎవరిచ్చారు?" అని మనం రోజూ విసుక్కొనే ప్రశ్నకు సమాధానం ఇట్టి మూటలలోనే ఉన్నది.

చట్టం ఎవరిని అడుగుతుంది?

2017 ఆగస్టు 24న సుప్రీం కోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. ఆరేళ్ళకు, 2023 ఆగస్టులో, డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమావళిని 2025 నవంబరులో ప్రకటిస్తూ, ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తరువాత అమలులోకి వచ్చేటట్లు గడువు ఇచ్చారు. ఈ చట్టంలో చాలామంది గమనించని అంశం ఒకటున్నది. కొనుగోలుదారు వివరాలను ఏ పనికోసం సేకరించాలో నిర్ణయించినవాడు దుకాణదారు. కనుక చట్టం దృష్టిలో ప్రధాన బాధ్యుడు అతడే. సాఫ్ట్‌వేర్ సంస్థ అతని తరఫున పనిచేసే 'డేటా ప్రాసెసర్' మాత్రమే. పద్దులు అక్కడ నుండి పోయినా, "నాకేం తెలుసు, యాప్‌వాళ్ళను అడగండి" అని ఇతడు చేతులు దులుపుకొనడానికి వీలు లేదు. తగిన భద్రత పాటించనందుకు విధించగల జరిమానాకు గరిష్ఠ పరిమితి రూ. 250 కోట్లు. చిన్న దుకాణం మీద అంత మొత్తం వేస్తారని ఎవరూ అనుకోనక్కరలేదు. తప్పు తీవ్రతను బట్టియే జరిమానా. కాని, సేవా సంస్థతో వ్రాతపూర్వకమైన ఒప్పందం లేకుండా పద్దులు అప్పగించడం ఇకమీదట తెలివైన పని కాదు.

సమాచారం బయటపడినప్పుడు ఆ సంగతి దాచడం కూడా కుదరదు. 2022 ఏప్రిల్ నాటి సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం ఇటువంటి సంఘటనను గుర్తించిన 6 గంటలలో ఆ సంస్థకు తెలియజేయాలి. కంప్యూటరు నమోదులను 180 రోజులు ఉంచాలి. కొత్త నియమావళి నష్టపోయిన ప్రతి వ్యక్తికి కూడా తెలియజేయాలంటున్నది.

అవసరం తీరిన తరువాత చెరిపివేయడం అన్నది అన్నిటికంటె నిర్లక్ష్యానికి గురవుతున్న విషయం. జి.ఎస్.టి. లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుండి 72 నెలలు భద్రపరచక తప్పదు. అంతమాత్రాన ఎన్నడో బాకీ తీర్చి, ఇప్పుడు బజారుకే రాని మనిషి ఇంటి చిరునామాను, అతని పుట్టిన తేదీని కలకాలం దాచవలసిన పని లేదు. సేవను మానుకొనే వ్యాపారి మొదట తన పద్దులన్నింటినీ మామూలు పట్టిక రూపంలో దించుకోవాలి, ఆ తరువాతనే ఖాతా రద్దు కోరాలి. ఫోను నుండి యాప్‌ను తీసివేసినంత మాత్రాన సర్వర్‌లోని పద్దు చెరగదు. ప్రధాన డేటాబేసులో చెరిపిన తరువాత కూడా, అగ్నిప్రమాదం వంటి విపత్తుల కోసం తీసి ఉంచిన నకళ్ళలో అది కొన్ని వారాలు మిగిలి ఉండడం సహజం. ఆ నకళ్ళు ఎన్నాళ్ళకు నశిస్తాయో ఒప్పందంలో వ్రాయించుకోవడం వ్యాపారి పని. దుకాణంలో పని మానివేసిన గుమాస్తా ఫోనులో ఆ ఖాతా ఇంకా తెరుచుకుంటున్నదేమో ఆ సాయంత్రమే చూసుకోవడం కూడా అతని పనే. ఒకే పాస్‌వర్డును నలుగురు గుమాస్తాలు పంచుకొనే దుకాణంలో అది కుదరదు. ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్రవేశం ఇచ్చి ఉండాలి.

ఇక అరువు తెచ్చుకొనేవారి విషయం. వివరాలు తీసుకొనే ముందు ఇవ్వవలసిన నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకొనే అవకాశం కల్పించాలని చట్టం చెబుతున్నది. ఆ భాషలలో తెలుగు ఒకటి. కాబట్టి అబర్డీన్ బజార్‌లో బిల్లు వ్రాస్తూ ఫోను నంబరు అడిగిన దుకాణంలో, అది దేనికో, ఎన్నాళ్ళు ఉంచుతారో తెలుగులో చూపించమని మన ఇంటి ఆడపడుచు అడగవచ్చును.