బూటు కాలికి సరిపోవాలి, కాలు బూటుకు కాదు

మన హాస్టల్‌లో పోలీసు, ఫారెస్టు, ఆర్మీ ఉద్యోగాలకు తయారవుతున్న తమ్ముళ్ళు, పక్క హాస్టల్ చెల్లెళ్ళు మమ్మల్ని మొదట అడిగేది "ఏ పుస్తకం చదవాలన్నా?" అని. మంచి ప్రశ్నే. కానీ ఏ బూట్లు కొనాలి, ఎప్పుడు కొనాలి అని అడిగేవాళ్ళు చాలా తక్కువ. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో పూర్వ విద్యార్థులమంతా కలిసి ఆ సంగతి రాస్తున్నాం.

2017లో అప్పటి టి.ఎస్.పి.ఎస్.సి. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పోస్టులకు పెట్టిన నడక పరీక్ష చూడండి. మగవాళ్ళు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్ళు 4 గంటల్లో 16 కిలోమీటర్లు నడవాలి. 25 కిలోమీటర్లంటే 30 వేలకు పైగా అడుగులు. బూటు మడమ దగ్గర కొంచెం ఒరుసుకున్నా, ఆ ఒరిపిడి వేల సార్లు జరుగుతుంది. రాత పరీక్ష గట్టెక్కినవాడు కాలి బొబ్బ దగ్గర ఆగిపోతే ఎంత అన్యాయం! చెప్పులో రాయినీ కాలిలో ముల్లునూ వేమన ఊరికే తలుచుకోలేదు.

మన తాతల కాళ్ళు

ఈ విషయం మనకు ఇంకో విధంగా కూడా దగ్గరిది. తంగేడు చెక్కతో లందలో తోలు ఊనబెట్టి, ఆరె, రంపె పట్టుకొని ఊరందరికీ కిర్రు చెప్పులు కుట్టిచ్చింది మన తాతలే. అదే తాతలు దొరగడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు విప్పి చేతబట్టుకొని పోవాల్సి వచ్చేది. చెప్పు చేసినవాడికి చెప్పు తొడిగే హక్కు లేని రోజులవి. నేడు వాళ్ళ మనుమలు యూనిఫాం వేసి, బూట్లు బిగించి, దర్జాగా నడుస్తున్నారు. కాబట్టి బూటును తక్కువగా చూడకండి. ఆ తంగేడు పువ్వే 2014లో మన రాష్ట్ర పుష్పమయింది.

వేట బూటు నుంచి బీటు బూటుకు

చీలమండ దాటి పైకి వచ్చే గట్టి బూట్లు ఒకప్పుడు వేటగాళ్ళ కాళ్ళకు కనిపించేవి. పులివేట కథలు రాసిన కెన్నెత్ ఆండర్సన్ 1910లో పుట్టింది మన మేడ్చల్ దారిలోని బొల్లారంలోనే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమయింది. ఇప్పుడు ఆ రకం బూట్లు అడవిని కాపాడేవాళ్ళవి. వాళ్ళకు శిక్షణ ఇచ్చే రాష్ట్ర ఫారెస్ట్ అకాడమీ కొంపల్లి పక్కన దూలపల్లిలోనే ఉంది. మనం గట్టిగా నడిస్తే అందేంత దూరం!

ఎలాంటి బూటు?

శామీర్‌పేట చెరువు చుట్టుపక్కల ఒకసారి తిరిగితే మన నేల ఎలాంటిదో తెలుస్తుంది. ఒకచోట మొరం, ఒకచోట నున్నటి బండ, చెరువు దగ్గర బురద, ఎటు చూసినా సర్కారు తుమ్మ. ఈ నేలకు మూడు గుణాలున్న బూటు కావాలి.

1. అడుగు భాగం ముల్లు దిగనంత మందంగా ఉండాలి. లోతైన గాళ్ళు ఉన్న రబ్బరు అయితే బండ మీద, బురదలో జారదు.
2. చీలమండను కప్పాలి. రాళ్ళలో కాలు మడత పడకుండా ఆపుతుంది. పాముకాటు ఎక్కువగా పాదం, పిక్క మీదే పడుతుంది. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. బూటు పూర్తి రక్షణ కాదు గానీ, చెప్పుల కంటే ఎంతో మేలు. కాటు పడితే మంత్రం, కోత జోలికి పోకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి.
3. మోయగలిగేంత బరువే ఉండాలి. రోజంతా నడకకు కాన్వాసు జంగిల్ బూటు తేలిక, తొందరగా ఆరుతుంది. తోలు బూటు బరువెక్కువ, కానీ ముళ్ళను బాగా ఆపుతుంది, ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

కొనేటప్పుడు

సాయంత్రం పూట కొనండి. పొద్దంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది, నడకలో కూడా అంతే ఉబ్బుతుంది. నడకకు వేసుకునే సాక్సులే తొడుక్కొని పోండి. రెండు పాదాలూ కొలిపించుకోండి. చాలామందికి ఒకటి కొంచెం పెద్దది ఉంటుంది, దాని కొలతకే తీసుకోవాలి. లేసులు కట్టి నిలబడినప్పుడు పొడవాటి వేలి ముందు బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండాలి. మడమ లేవకూడదు. దుకాణంలో మెట్లుంటే దిగి చూడండి, వేళ్ళు ముందుకు గుద్దుకుంటే ఆ సైజు వద్దు. ఒక నంబరుకూ ఇంకో నంబరుకూ తేడా సుమారు 8.5 మిల్లీమీటర్లే, అయినా అదే ప్రాణం తీస్తుంది. చిన్నప్పటి నుంచి వట్టికాళ్ళతో తిరిగిన మన పాదాలు ముందువైపు వెడల్పు. పక్కలు నొక్కుతుంటే వెడల్పు రకం అడగండి. "వాడితే వదులవుతుంది" అని దుకాణదారు అన్నా నమ్మకండి. తోలు మెత్తబడుతుంది గానీ పొడుగు పెరగదు.

అలవాటు చేసుకోవడం

కొత్త తోలు వేళ్ళ మొదట్లో, చీలమండ దగ్గర వంగడానికి మొరాయిస్తుంది. పాదం వేడికి, చెమటకు, మళ్ళీ మళ్ళీ వంగడానికి అది నెమ్మదిగా మన కాలి రూపం తెచ్చుకుంటుంది. దీనికి దగ్గరదారి లేదు. పరీక్షకు కనీసం నాలుగు వారాల ముందే కొనండి.

మొదటి వారం: హాస్టల్ వరండాలో, మెస్‌కు పోయి రావడానికి రోజూ గంట.
రెండో వారం: చదును రోడ్డు మీద 2, 3 కిలోమీటర్లు.
మూడో వారం: మొరం దారిలో, చెరువు కట్ట మీద 5 నుంచి 8 కిలోమీటర్లు.
నాలుగో వారం: ఒకరోజు 15 కిలోమీటర్లు, అదీ పరీక్ష నాటి వేగంతో. చివరి రెండు రోజులు విశ్రాంతి.

నడకలో ఎక్కడైనా చురుక్కుమంటే అక్కడే ఆగి, సాక్సు ముడత సరిచేసి, ఆ చోట ప్లాస్టరు అంటించండి. బొబ్బ వస్తే చర్మం పీకొద్దు. కాలిగోళ్ళు అడ్డంగా, సూటిగా కత్తిరించుకోండి. ఒకేచోట నొక్కుతుంటే మోచీ దగ్గరికి పోండి, అచ్చు పెట్టి ఆ ఒక్కచోటే వదులు చేసి ఇస్తాడు.

కాపాడుకోవడం

నీళ్ళలో నానబెట్టి ఎండలోనో, పొయ్యి దగ్గరో ఆరబెట్టే పని వద్దు. తోలులో జిడ్డు పోయి పగులుతుంది. తడిస్తే లోపల పాత పేపర్లు కుక్కి నీడలో ఆరనివ్వాలి. ఆరాక పాలిష్ పట్టించాలి. మన పెద్దలు చెప్పులకు ఆముదం పట్టించింది కూడా తోలు మెత్తగా ఉండటానికే. పొద్దున తొడిగే ముందు బూటు తలకిందులు చేసి దులపడం మరిచిపోవద్దు, తేళ్ళకు అది మంచి ఇల్లు.

చివరగా

2014 మే 25న మన సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు 14 ఏళ్ళు కూడా నిండలేదు. ఆ ఒక్క రోజు వెనుక భువనగిరి బండ మీద, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో నెలల తరబడి శిక్షణ ఉంది. శిఖరం కంటే ముందే వాళ్ళ కాళ్ళు తయారయ్యాయి.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఖరీదైన బూటే కావాలని లేదు. కాలికి సరిపోయింది కొనండి, దానికి నాలుగు వారాలు ఇవ్వండి. వచ్చే వార్షికోత్సవానికి మీలో కొందరు యూనిఫాంలో, మెరిసే బూట్లతో ఇదే వేదిక ఎక్కాలని మా అందరి కోరిక.