చిన్న వర్తకునికి పెట్టుబడి: హుండీ నుండి ట్రెడ్స్ వరకు

వర్తకంలో సరకు ముందు నడుస్తుంది, సొమ్ము వెనుక వస్తుంది. ఈ రెంటి నడుమ గల గడువే చిన్న వర్తకునికి ప్రాణసంకటం. పెడనలో కలంకారీ అద్దకం వేయించేవారు గాని, చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేయించేవారు గాని సరకు పంపిన నాడే సొమ్ము కళ్ళజూడటం అరుదు. కూలి మాత్రం ఎప్పటికప్పుడు చెల్లించక తప్పదు.

ఈ సమస్య మన బందరుకు కొత్త కాదు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇది ప్రధానమైన రేవు. కలంకారీ అన్న పేరే పారసీకం నుండి వచ్చినది. 1611లో ఆంగ్లేయులు ఇక్కడ వర్తక స్థానం ఏర్పరచుకొన్నారు. ఆనాటి విదేశీ కంపెనీలు వర్తకులకు ముందుగా బయానా ఇచ్చేవి. వర్తకులు దానిని నేతగాండ్రకు పంచేవారు.

దూరపు చెల్లింపులకు హుండీ ఉండేది. చూపిన వెంటనే చెల్లించవలసినది దర్శనీ హుండీ. గడువు తీరిన పిమ్మట చెల్లించవలసినది ముద్దతీ హుండీ. ‘ముద్దత్’ అనగా గడువని ఉర్దూ చదివిన మన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు.

డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 28న ఈ పట్టణంలోనే వ్యాపారం ప్రారంభించింది. నాటి చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. 1980లో అది జాతీయమైనది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. పేరు మారినా అవసరం మారలేదు.

బ్యాంకు చేసే బిల్లు డిస్కౌంటు పద్ధతిని ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. మూడు నెలల గడువుపై లక్ష రూపాయల సరకు అమ్మిన వర్తకుడు ఆ బిల్లును బ్యాంకుకు అప్పగిస్తాడు. సాలుకు నూటికి 12 చొప్పున 3,000 రూపాయలు మినహాయించుకొని బ్యాంకు 97,000 వెంటనే ఇస్తుంది. అదే సొమ్మును నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెస్తే మూడు నెలలకు వడ్డీ తొమ్మిది వేలకు చేరువవుతుంది. చిన్న వ్యాపారంలో లాభమంతా ఈ తేడాలోనే హరించిపోవచ్చు. అయితే కొన్నవాడు ఎగవేస్తే బ్యాంకు సాధారణంగా అమ్మినవానినే అడుగుతుంది.

రిజర్వు బ్యాంకు అనుమతితో నడుస్తున్న ‘ట్రెడ్స్’ వేదికలు ఈ భారాన్ని తొలగించాయి. అక్కడ చిన్న ఉత్పత్తిదారుని బిల్లును కొన్న సంస్థ అంగీకరించగానే బ్యాంకులు పోటీపడి ధర చెబుతాయి. తరువాత బాకీ రాకపోయినా అమ్మినవానిపై భారం పడదు. 250 కోట్ల రూపాయలకు మించిన టర్నోవరు గల కంపెనీలు ఇందులో నమోదు కావాలని కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో ఉత్తరువు ఇచ్చింది. కాని మన వర్తకుల సరకు కొనేవారిలో చాలమంది కంపెనీలు కారు, చిన్న దుకాణదారులు. వారికి ఈ తలుపు ఇంకా తెరుచుకోలేదు.

మరొక ప్రమాదం ప్రకృతిది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. అట్టి విపత్తులో సరకూ, బాకీదారూ, ఖాతా పుస్తకమూ ఒక్కసారే పోతాయి. కనుక అప్పుతోపాటు సరకుకు బీమా కూడ ఉండాలి.

వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థులు చేయగల మేలు ఒకటున్నది. తమ వీధిలోని వర్తకునికి సక్రమంగా బిల్లు వ్రాయటం, ఉద్యమ్ నమోదు చేయించటం, లెక్కలు భద్రపరచటం నేర్పవచ్చు. నోటిమాటపై సాగిన వ్యాపారానికి నమ్మకం ఎంత ఉన్నా, బ్యాంకు చూడగలిగేది కాగితాన్నే.