జ్వర లక్షణాలతో కూడిన మెడ నొప్పి: వయోజనులలో కారణాలు - ఒక పరిశీలన

జ్వరం, ఒళ్లునొప్పులు, నీరసం, గొంతునొప్పి కలిసి వచ్చినప్పుడు వాటిని ఫ్లూగా భావించడం సహజం. వీటికి మెడనొప్పి తోడైనప్పుడు మాత్రం ఆ భావనను పునఃపరిశీలించవలసి ఉంటుంది. వాడుకలోని ‘మెడనొప్పి’ అనే మాట మూడు భిన్న స్థితులను సూచిస్తుంది. అవి: మెడ పక్కల బిళ్లలు కట్టి నొప్పి పుట్టడం, మెడ ముందు భాగాన్ని తాకితే నొప్పి కలగడం, మెడ బిగుసుకుపోయి వంగకపోవడం. ఈ భేదాన్ని గుర్తించడమే రోగనిర్ణయంలో తొలి మెట్టు.

లింఫ్ గ్రంథుల వాపు:

అత్యంత సాధారణ కారణం ఇదే. గొంతు, పళ్లు, చెవులలోని ఇన్ఫెక్షన్‌కు ప్రతిస్పందనగా దవడ కింది గ్రంథులు ఉబ్బుతాయి. ఎప్‌స్టీన్-బార్ వైరస్ వల్ల కలిగే మోనోన్యూక్లియోసిస్‌లో మెడ వెనుక వైపు గ్రంథులు కూడా ఉబ్బుతాయి. నీరసం వారాల తరబడి ఉంటుంది. దీనిని బాక్టీరియా వ్యాధిగా పొరబడి అమాక్సిసిలిన్ ఇస్తే కొందరిలో ఒంటిమీద దద్దుర్లు వస్తాయి. 1972లో జపాన్‌లో వర్ణితమైన కికూచి వ్యాధి ప్రధానంగా యువతులలో కనిపిస్తుంది. అది సాధారణంగా కొద్ది నెలలలో తనంతట తానే తగ్గుతుంది. అయితే గండమాలగా పిలిచే క్షయ గ్రంథులనూ, లింఫోమానూ అది పోలి ఉండడం వల్ల బయాప్సీ అవసరమవుతుంది. గవదబిళ్లలలో ఉబ్బేవి లింఫ్ గ్రంథులు కావు, చెవి ముందరి లాలాజల గ్రంథులు.

థైరాయిడ్ గ్రంథి వాపు:

మెడ ముందు భాగంలో పుట్టి దవడకు, చెవికి పాకే నొప్పి సబ్‌అక్యూట్ థైరాయిడైటిస్‌ను సూచిస్తుంది. స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ డి క్వెర్వాన్ పేరుతో ఇది ప్రసిద్ధం. తరచుగా వైరస్ జ్వరం వచ్చిన కొన్ని వారాలకు, ఎక్కువగా మధ్యవయస్కులైన స్త్రీలలో ఇది తలెత్తుతుంది. వాపు వల్ల గ్రంథిలో నిల్వ ఉన్న హార్మోన్ రక్తంలోకి కారుతుంది. అందువల్ల గుండెదడ, చేతుల వణుకు, చెమటలు కలుగుతాయి. గ్రంథి కొత్త హార్మోన్‌ను అధికంగా తయారుచేయడం లేదు కనుక, ఆ తయారీని అడ్డుకునే మందులు ఇక్కడ నిష్ప్రయోజనం. ఈఎస్ఆర్ బాగా పెరగడం, రేడియో అయోడిన్ గ్రహణం తగ్గడం నిర్ధారణకు తోడ్పడతాయి. నొప్పి నివారిణులతో, తీవ్రమైనప్పుడు స్టెరాయిడ్లతో ఉపశమనం లభిస్తుంది. తరువాత కొంతకాలం హార్మోన్ లోపం ఏర్పడవచ్చు; కొద్దిమందిలో అది శాశ్వతమవుతుంది. కాబట్టి నొప్పి తగ్గిన తరువాతా టీఎస్‌హెచ్ పరీక్ష అవసరం.

అత్యవసర స్థితులు:

గడ్డాన్ని ఛాతీకి ఆనించలేనంతగా మెడ బిగుసుకుని, తీవ్రమైన తలనొప్పి, వెలుతురును భరించలేకపోవడం, మగత ఉంటే మెనింజైటిస్‌ను అనుమానించాలి. మెడ బిగుసుకోనంత మాత్రాన ఆ వ్యాధి లేదని చెప్పలేము. గొంతునొప్పి తరువాత మెడలో ఒక పక్క నొప్పి, వాపు, చలిజ్వరం వస్తే లెమియెర్ సిండ్రోమ్‌ను పరిగణించాలి. ఇందులో మెడలోని సిరలో చీముతో కూడిన రక్తపు గడ్డ ఏర్పడి ఊపిరితిత్తులకు వ్యాపించగలదు. నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం, ఊపిరాడకపోవడం మెడ లోతుల్లో చీము చేరిందనడానికి సూచనలు. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి చేరాలి.

కనుక జ్వరం ఎంత ఉందన్న ప్రశ్నతో పాటు, నొప్పి మెడలో ఎక్కడ, తాకితేనా వంచితేనా, ఎన్నాళ్లుగా అన్న ప్రశ్నలూ అంతే ముఖ్యం. సరైన పరీక్ష ఏదో నిర్ణయించేవి ఆ సమాధానాలే.