ఇరవయ్యేళ్ల తర్వాత డ్యాష్‌బోర్డు

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల నాటి పసుపు రంగు రోల్స్‌రాయిస్ ఒకటుంది. 1912 నాటి సిల్వర్ గోస్ట్ అది. దాని ఇంజను, ఛాసిస్ రోల్స్‌రాయిస్‌వే కానీ, పైన కనిపించే బాడీని కట్టింది లండన్‌కు చెందిన బార్కర్. అంతకుముందు తరతరాలుగా గుర్రపు బగ్గీలు చేసిన సంస్థ అది. ఆ రోజుల్లో పద్ధతే అంత. కంపెనీ చక్రాల మీద ఇంజను పెట్టి ఇస్తే, మిగతాదంతా బగ్గీలు కట్టే వడ్రంగులు చూసుకునేవారు. యాష్ కలపతో చట్రం బిగించి, దానిమీద రేకు తొడిగేవారు. కారులోకి చెక్క వచ్చింది అలాగే, బరువు మోసే పనిమీద. తర్వాత ఉక్కు రేకును అచ్చుల్లో ఒత్తి బాడీలు చేయడం మొదలయ్యాక ఆ పని పోయింది. ఇంగ్లండ్‌లోని మోర్గాన్ వంటి ఒకటి రెండు కార్ల కంపెనీలు తప్ప ఎవరూ ఇప్పుడు చెక్క చట్రం వాడరు. డ్యాష్‌బోర్డు మీద, తలుపుల అంచుల మీద మాత్రం చెక్క అలంకారంగా మిగిలింది. అందుకే ఈ తరం డిజైనర్లలో కొందరు దాన్ని తాతల నాటి ముచ్చటగా చూస్తారు. కార్బన్ ఫైబర్, అల్యూమినియం, నిగనిగలాడే నల్ల ప్లాస్టిక్, ఈ చివర నుంచి ఆ చివరకు పరిచిన అద్దాల తెరలే నేటి దర్జా అంటారు. నేను ఒప్పుకోను. కోట్లు పోసి కొనే వస్తువును షోరూమ్ దీపాల కింద చూసి తీర్పు చెప్పకూడదు, ఇరవయ్యేళ్లు వాడాక చూసి చెప్పాలి. అలా చూస్తే, కంటికీ చేతికీ దగ్గరగా ఉండే చోట చెక్కకు సాటి వచ్చేది ఇంకా రాలేదు.

చెక్క అనగానే దుంగను కోసి బిగించిన పలకలు గుర్తొస్తాయి. కార్లలో వాడేది అది కాదు, కాగితం కన్నా మందంగా, సుమారు 0.6 మిల్లీమీటర్ల పొర. బెంట్లీ కార్లు తయారయ్యే క్రూలోనూ, రోల్స్‌రాయిస్ గుడ్‌వుడ్ ఫ్యాక్టరీలోనూ ఈ పొరల పనికే ప్రత్యేక విభాగాలున్నాయి. బాగా ఖరీదైనవాటిలో ఒకటి వాల్‌నట్ చెట్టు బుడిపె నుంచి తీసింది. చెట్టుకు దెబ్బ తగిలినా, తెగులు సోకినా ఒక్కోసారి అక్కడ మొగ్గలు విచ్చుకోకుండానే గుంపుగా పెరిగి, కాండం మీద గడ్డ కడుతుంది. లోపల చారలు ఏ దిక్కుకు పడితే ఆ దిక్కుకు మెలికలు తిరుగుతాయి. గుండ్రటి చుక్కలు, సుడులు ఏర్పడతాయి. ఏ రెండు బుడిపెలూ ఒకేలా ఉండవు. ఒకే దుంగ నుంచి వరుసగా తీసిన రెండు పొరల్ని పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన పరిస్తే, డ్యాష్‌బోర్డు ఎడమ సగం కుడి సగానికి ప్రతిబింబంలా కుదురుతుంది. కారు మొత్తానికి ఒకే చెట్టు పొరలు వాడటం వెనక అందం ఒక్కటే లేదు. ఒకే చెట్టు చెక్క ఎండకు రంగు మారినా అన్నిచోట్లా ఒకేలా మారుతుంది. ప్రమాదంలో చెక్క చీలి గుచ్చుకుంటుందన్న భయానికీ సమాధానం ఈ పనిలోనే ఉంది. పొరల మధ్య, వెనక అల్యూమినియం రేకు వేసి అతికించడం వల్ల పలక వంగుతుందే కానీ పేళ్లుగా చిట్లదు.

ఇప్పుడు వయసు సంగతి. 1990లు, 2000లలో ఖరీదైన కార్ల స్విచ్‌లకు, హ్యాండిళ్లకు మెత్తగా తగలాలని రబ్బరు లాంటి పాలియురిథేన్ పూత వేశారు. అప్పుడు అదే అత్యాధునికం. గాలిలో తేమ తగిలి ఆ పూత మెల్లగా విచ్ఛిన్నమై, పట్టుకుంటే వేళ్లకు జిగురులా అంటుకుంటుంది. ఆ కాలపు ఫెరారీలు కూడా దీన్నుంచి తప్పించుకోలేదు. పియానో బ్లాక్ అని పిలిచే నల్ల ప్లాస్టిక్ కొన్న వారానికే వేలిముద్రలతో నిండి, దుమ్ము తుడిచిన గుడ్డ వల్లే సన్నటి గీతలు పడుతుంది. చెక్కకు రోగాలు లేవని కాదు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండలో నిలబెట్టిన కారు లోపల డ్యాష్‌బోర్డు పడే బాధ చిన్నది కాదు. పాత జాగ్వార్లలో చెక్క మీది లక్కర్ పూత పగుళ్లిచ్చి, పసుపెక్కి, పెచ్చులుగా లేవడం నిజం. అయితే అక్కడ చెడింది ఎక్కువగా పూత. దాన్ని తీసేసి, ఉప్పుకాగితంతో జాగ్రత్తగా రుద్ది, కొత్త పూత వేస్తే కింది చెక్క మళ్లీ తేలుతుంది. పొర పలచన కాబట్టి అరగదీయడానికి హద్దుంది, నేర్పున్న చెయ్యి కావాలి. పొర పోయినా కొత్త పొర అతికించవచ్చు. లోతుగా గీతలు పడ్డ ప్లాస్టిక్‌కు ఆ అవకాశం తక్కువ, చాలాసార్లు ఆ భాగాన్నే మార్చాలి. కంపెనీ దాన్ని తయారుచేయడం ఆపేశాక చేయగలిగేది చాలా తక్కువ.

అడవుల మాట తప్పక అడగాల్సిందే. ఒక్కసారి లెక్క వేసి చూద్దాం. కారు లోపల కనిపించే చెక్క రెండు చదరపు మీటర్లు అనుకున్నా, 0.6 మిల్లీమీటర్ల మందాన అది లీటరున్నర కలప కూడా కాదు. బరువు కిలోకు లోపే. అడుగున వేసే చవక పొరల్ని కలిపినా ఒక్క టేకు డైనింగ్ టేబుల్‌కు పట్టే కలపతో అనేక కార్లకు సరిపోతుంది. పరిమాణం చిన్నదే కానీ, జాతి విషయంలో అంత తేలిగ్గా వదలకూడదు. బ్రెజిల్ రోజ్‌వుడ్ వ్యాపారాన్ని 1992లోనే అంతర్జాతీయంగా కట్టడి చేయాల్సి వచ్చింది. 2017 నుంచి రోజ్‌వుడ్ ప్రజాతి అయిన డాల్బెర్జియా మొత్తం, అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం నియంత్రణలో ఉంది. అరుదైనదన్న ఒక్క కారణంతో ఒక కలపను కోరుకోవడం దుర్మార్గం. దాని అవసరమూ లేదు. బెంట్లీ 2020లో బకలార్ అనే కారుకు తూర్పు ఇంగ్లండ్ చిత్తడి నేలల్లో సుమారు 5,000 ఏళ్లు పూడుకుపోయి దొరికిన చెట్ల కలప వాడింది. అంత దూరం పోకపోయినా, బీఎండబ్ల్యూ 2013లో తెచ్చిన ఐ3 డ్యాష్‌బోర్డుకు యూకలిప్టస్ వేసింది. మన ఖమ్మం, గోదావరి జిల్లాల రైతులు పేపరు మిల్లుల కోసం పెంచే జామాయిల్ కోవకు చెందిన చెట్టే అది.

ఆ ఐ3 నా వాదనకు మంచి సాక్ష్యం. అందులో మనుషులు కూర్చునే గది మొత్తం కార్బన్ ఫైబర్‌తో చేసింది. తేలికగా, గట్టిగా ఉండాల్సిన చోట కార్బన్‌కు తిరుగులేదు. 1981లో మెక్‌లారెన్ రేసు కారు కార్బన్ ఛాసిస్‌తో అది నిరూపించింది. అదే కార్బన్ నార గుడ్డను ఏ బరువూ మోయని డ్యాష్‌బోర్డు పలక మీద అతికించి పైన మెరుపు పూస్తే, అదీ వట్టి అలంకారమే. చెక్క మీద వేసిన నిందే దానికీ వర్తిస్తుంది. పైగా రెసిన్‌లో గట్టిపడిన ఆ నారను తిరిగి వాడుకోవడం కష్టం. ఐ3ని రూపొందించినవాళ్లు కార్బన్‌ను ఎముకల్లోకి పంపి, ముందు చెక్కను పెట్టారు. మందపాటి మెరుపు పూత కూడా వేయలేదు. ఇది ముఖ్యం. పాత పద్ధతిలో గాజులా మెరిసే వాల్‌నట్‌ను తాకితే వేలికి తగిలేది పూతే, చెక్క కాదు. ఇప్పుడు చాలా కంపెనీలు రంధ్రాలు మూయకుండా పలచటి పూతతో వదిలేస్తున్న చెక్కను తాకితే దాని చారలు వేలికి తెలుస్తాయి. ఎండలో కళ్లలోకి మెరుపు కొట్టదు.

తెరల సంగతి వేరు. మెర్సిడెస్ 2021లో ఈక్యూఎస్ కారులో పెట్టిన హైపర్‌స్క్రీన్ వెడల్పు 141 సెంటీమీటర్లు. ఒకే అద్దం కింద మూడు తెరలున్నాయి. దారి చూపించడానికి, వెనక కెమెరాకు తెర కావాలి, ఎవరూ కాదనరు. కానీ ఎలక్ట్రానిక్స్ చాలా త్వరగా పాతబడతాయి, చేతిలో ఫోను చూసుకుంటే తెలుస్తుంది. డ్యాష్‌బోర్డు నిండా తెరే పరిస్తే కారు ముఖమంతా దానితోపాటే పాతబడుతుంది. అవసరమైనంత తెర ఉంచి మిగతా జాగా వదిలితే, ఆ జాగాలో ఏం వేయాలన్న ప్రశ్నకు చెక్క మంచి జవాబు. ఇక ప్లాస్టిక్ మీద చెక్క బొమ్మ అచ్చు వేసిన పలకలంటారా, మధ్యతరగతి కార్లలో ధర కోసం వాటిని వాడటంలో తప్పు లేదు. కోటి దాటిన కారులో మాత్రం కొనేవాళ్లు నిలదీసి అడగాలి. పలక మీద అదే సుడి, అదే చుక్క కొంత దూరంలో మళ్లీ కనిపిస్తే అది అచ్చు. నిజమైన చెక్కేనని డీలర్ చెబితే ఇంకో ప్రశ్న మిగిలే ఉంటుంది: పదిహేనేళ్ల తర్వాత ఒక పలక పాడైతే దానికి జత కుదిరే పొర ఎక్కడ దొరుకుతుంది, ఎవరు అతికిస్తారు? దీనికి జవాబు కొనేముందే కాగితం మీద తీసుకోవాలి.