వెండి గొలుసుకు ఏ మెరుగు మేలు?

అలంకరణను ఇస్లాం కాదనలేదు. అల్లాహ్ తన దాసుల కోసం కల్పించిన అందచందాలను నిషేధించే అధికారం ఎవరికీ లేదని దివ్యఖుర్ఆన్‌లోని ఏడవ సూరా అల్ ఆరాఫ్ తెలియజేస్తోంది. దుబారా చేసేవారిని అల్లాహ్ ఇష్టపడడని కూడా అదే సూరా హెచ్చరిస్తోంది. మన ఇళ్లలో నగల కొనుగోళ్లు ఈ రెండు హద్దుల మధ్యే జరగాలి.

బంగారం సామాన్యుడికి అందనంత ఎత్తుకు వెళ్లిపోయింది. చాలా ఇళ్లలో ఇప్పుడు ఆడపిల్ల మెడలో వేసేది వెండి గొలుసే. తీరా దుకాణానికి వెళ్తే ఒకే గొలుసు అద్దంలా తెల్లగా ఒకటి, మసక మెరుపుతో ఒకటి, నల్లగా ఒకటి, బంగారు రంగులో ఇంకొకటి కనిపిస్తాయి. ధరలూ వేర్వేరుగా ఉంటాయి. ఏది తీసుకోవాలో తెలియక, దుకాణదారు చూపిందే తీసుకుని వచ్చేస్తాం. పైసా పైసా కూడబెట్టి కొనే వస్తువు కాబట్టి, పైన మెరుగేమిటో, లోపల లోహమేమిటో తెలుసుకుని కొనడం మంచిది.

లోపల ఉన్నదేమిటి?

స్టెర్లింగ్ వెండి అంటే నూటికి 92.5 పాళ్లు వెండి, మిగిలిన 7.5 పాళ్లు వేరే లోహం. అది సాధారణంగా రాగి. మేలిమి వెండి మరీ మెత్తన. దానితో గొలుసు చేస్తే లింకులు సాగిపోతాయి. రాగి కలిస్తే గట్టిపడుతుంది. 20 గ్రాముల స్టెర్లింగ్ గొలుసులో ఉండేది 18.5 గ్రాముల వెండి. కొక్కెం దగ్గర 925 అనే అంకె ఉందేమో చూడాలి. అయితే అంకె ఎవరైనా కొట్టవచ్చు. భారత ప్రమాణాల సంస్థ వెండికి హాల్‌మార్కును 2005లో స్వచ్ఛంద పద్ధతిలో ప్రారంభించింది. 2025 సెప్టెంబరు నుంచి వెండి హాల్‌మార్కుకు కూడా ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్యను జోడించింది. ఆ సంఖ్యను సంస్థ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

‘జర్మన్ సిల్వర్’ అనే మాట విని మోసపోకూడదు. అందులో వెండి బొత్తిగా ఉండదు. రాగి, జింకు, నికెల్ కలిపిన మిశ్రమం అది.

నాలుగు రకాల మెరుగులు

మొదటిది మామూలు మెరుగు. వెండినే రుద్ది నునుపు చేస్తారు. పైన వేరే లోహమేదీ ఉండదు. దీని లోపం నల్లబడటం. గాలిలోని గంధకపు వాయువులు తగిలి వెండి మీద పలచని నల్లపొర ఏర్పడుతుంది. చెమట, అత్తరు తోడైతే త్వరగా వన్నె తగ్గుతుంది. ఇది ఈనాటి సమస్య కాదు. హజ్రత్ అర్‌ఫజా బిన్ అస్అద్ (రజి) ఒక యుద్ధంలో ముక్కు కోల్పోయి వెండి ముక్కు అమర్చుకున్నారు. అది దుర్వాసన పట్టడంతో దైవప్రవక్త (స) ఆయనకు బంగారు ముక్కు పెట్టుకోమని అనుమతించారు. అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఈ ఉదంతం ఉంది. పురుషులకు బంగారం నిషిద్ధమైనా, అవసరం వచ్చినప్పుడు ధర్మం ఎంత సులువు కల్పించిందో దీనివల్ల తెలుస్తుంది.

గొలుసు నల్లబడితే కంగారు అక్కర్లేదు. కుంకుడు రసంలో నానబెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచి, తడి లేకుండా ఆరబెడితే చాలావరకు వన్నె తిరిగి వస్తుంది. తెగితే ఏ కంసాలి అయినా అతుకు పెట్టగలడు.

రెండోది మసక మెరుగు. దుకాణాల్లో మాట్ అంటారు. ఇదీ వెండే. పైభాగాన్ని సన్నగా గరుకు చేస్తారు. గీతలు అంతగా కనిపించవు. కాలక్రమంలో ఒంటికి రాసుకుని అక్కడక్కడా నునుపుదేలుతుంది. మెరుగు పెట్టించి మామూలు గొలుసుగా మార్చుకోవచ్చు.

మూడోది నల్లమెరుగు. ఆక్సిడైజ్డ్ అని పిలిచేది దీన్నే. గంధకపు మందుతో వెండిని కావాలనే నల్లబరుస్తారు. ఎత్తుగా ఉన్న చోట రుద్ది తెల్లగా చేస్తారు. చెక్కడపు పని ఉన్న గొలుసుకు ఇది అందాన్నిస్తుంది. నలుపు తెలుపుల ఈ అందం దక్కన్ వారికి కొత్త కాదు. బీదరు కళాకారులు జింకు, రాగి మిశ్రమంతో చేసిన పాత్రల మీద వెండి తీగ పొదిగి, బీదరు కోట మట్టితో నల్లబరుస్తారు. మిశ్రమం నల్లబడి, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. అదే బిద్రీ పని. నల్లమెరుగు గొలుసును సోడా, వెండి ద్రావకాలతో కడిగితే నలుపంతా పోతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. నల్లమెరుగు మాటున జర్మన్ సిల్వర్, ఇత్తడి కూడా అమ్ముడుపోతుంటాయి గనుక హాల్‌మార్కు ఇక్కడ మరీ ముఖ్యం.

నాలుగోది పూత. ఇందులో రెండు రకాలు. రోడియం పూత ప్లాటినం జాతికి చెందిన లోహంతో వేస్తారు. తెల్లగా తళతళలాడుతుంది. పూత ఉన్నన్నాళ్లు నల్లబడదు. అరిగిపోయాక ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు, మళ్లీ పూత వేయించాల్సిందే. గొలుసు తెగి అతుకు పెట్టిస్తే ఆ వేడికి పూత రంగు మారవచ్చు. కొన్ని పూతల కింద నికెల్ పొర ఉంటుంది. అది పడని వారికి మెడ దురద పెడుతుంది. కొనేముందే అడగాలి.

రెండోది బంగారు పూత. ఈ పొర మందాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. తిరిగి అమ్మబోతే ఆ పూతకు సాధారణంగా విలువ కట్టరు. ‘వన్ గ్రామ్ గోల్డ్’ పేరుతో అమ్మే నగల్లో చాలావాటికి లోపల వెండి కూడా ఉండదు, రాగో ఇత్తడో ఉంటుంది. తెలిసి, ముచ్చటపడి పూత గొలుసు వేసుకునే స్త్రీకి అభ్యంతరం లేదు. పెళ్లివారి ముందు అది మేలిమి బంగారమని నమ్మించబోతేనే చిక్కు. తనకు దక్కనిది దక్కినట్టు చాటుకోవడాన్ని దైవప్రవక్త (స) అబద్ధపు దుస్తులు తొడుక్కోవడంతో పోల్చారు.

అబ్బాయిలకు గొలుసు?

యువకులు వెండి గొలుసులు వేసుకోవడం ఇప్పుడు వాడుకైంది. వెండి కదా, తప్పేముంది అనుకుంటారు. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం నగల్లో పురుషుడికి అనుమతి ఉన్నది వెండి ఉంగరం వరకే. అది కూడా ఒక మిస్ఖాల్, అంటే సుమారు 4.37 గ్రాముల లోపు ఉండాలి. దైవప్రవక్త (స) ముద్ర వేసేందుకు వాడిన ఉంగరం వెండిదే. గొలుసు స్త్రీల ఆభరణం కిందికి వస్తుంది. ‘వైట్ గోల్డ్’ విషయంలోనూ పొరపడకూడదు. రంగు తెల్లనైనా అది బంగారమే. ధర్మం చూసేది లోహాన్ని, రంగును కాదు.

జకాత్, మార్పిడి

జకాత్ లెక్కలోనూ ఇదే సూత్రం. వెండి నిసాబ్ 200 దిర్హములు. మన లెక్కలో యాభై రెండున్నర తులాలు, సుమారు 612 గ్రాములు. హనఫీల ప్రకారం ధరించే నగలపై కూడా జకాత్ ఉంది. మిగతా ముగ్గురు ఇమాముల అనుయాయుల్లో అధికులు స్త్రీలు వాడుకునే నగలను మినహాయిస్తారు. మిశ్రమంలో వెండిదే పైచేయి అయితే హనఫీ లెక్కలో మొత్తం బరువు వెండిగానే పరిగణిస్తారు. నల్లమెరుగు వల్లగానీ, రోడియం వల్లగానీ ఆ బాధ్యత తప్పదు. గొలుసు ఒక్కటే నిసాబ్‌కు చేరకపోయినా, ఇంట్లో ఉన్న బంగారం, నగదుతో కలిపి చూసుకోవాలి.

పాత గొలుసు ఇచ్చి కొత్త మెరుగు గొలుసు తెచ్చుకునేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. వెండికి వెండి మార్చుకుంటే బరువు సమానంగా, అప్పటికప్పుడే చేతులు మారాలని హదీసులు నిర్దేశిస్తున్నాయి. మెరుగు బాగుందని ఎక్కువ బరువు పాత వెండి ఇస్తే అది వడ్డీ కిందికి వస్తుంది. పాతది అమ్మి డబ్బు చేతికి తీసుకుని, ఆ డబ్బుతో కొత్తది కొనడం సురక్షితమైన మార్గం.

దుకాణదారులకు ఒక మాట

దైవప్రవక్త (స) ఒకరోజు బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉంది, లోపల తడి తగిలింది. వాన పడి తడిసిందని వ్యాపారి చెప్పాడు. మరి జనానికి కనబడేలా తడిసిన ధాన్యాన్ని పైనే ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. మోసగాడికి తనతో సంబంధం లేదని స్పష్టం చేశారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ హదీసు నగల వ్యాపారానికి అచ్చంగా వర్తిస్తుంది. పూత వేయడం తప్పు కాదు, పూత అని చెప్పకుండా అమ్మడం తప్పు. బిల్లులో స్వచ్ఛత, బరువు, మజూరి, పూత ఖర్చు విడివిడిగా రాయాలి. రాళ్ల బరువును వెండి బరువులో కలపకూడదు.

రోజూ వేసుకునే గొలుసుకు మామూలు మెరుగే మేలు. ఇంట్లో శుభ్రపడుతుంది, తెగితే అతుకుతుంది, కష్టకాలంలో అమ్మితే ఉన్న వెండికి విలువ వస్తుంది. చెక్కడపు పని ఇష్టపడేవారికి నల్లమెరుగు సరిపోతుంది. అరుదుగా వేసుకునేవారు, మళ్లీ పూత ఖర్చు భరించగలవారు రోడియం ఎంచుకోవచ్చు. ఏది కొన్నా లోపల ఏముందో అడిగి, బిల్లు మీద రాయించుకోండి. పైకీ లోపలికీ తేడా లేని వ్యాపారాన్ని, అలాంటి జీవితాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.