అన్నంలో పురుగులు కనబడిన రాజావారు

మా చేబ్రోలుకు చుట్టాలు ఎవరొచ్చినా ముందు కోనేటి దగ్గరకు తీసుకువెళతాను. కోనేరు నడుమ చతుర్ముఖ బ్రహ్మగారి గుడి ఉంది. బ్రహ్మకు గుడి ఉండడమే అరుదు కదా! ఇక్కడ నాలుగు వైపులా నాలుగు బ్రహ్మమూర్తులు, మధ్యలో శివలింగం. పూజ శివుడికి, దర్శనం బ్రహ్మకి. మొన్నామధ్య మా ఆడపడుచు మనవరాలు, "ఎవరు కట్టించారమ్మమ్మా, ఎందుకు కట్టించారు?" అని అడిగింది. ఎవరు అన్నదానికి జవాబు తేలికే. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు. ఎందుకు అన్నదానికే కాస్త కూర్చుని చెప్పుకోవాలి.

ఆయన మరీ పాతకాలపు రాజు కాదు, జమీందారు. 1783లో జమీ చేతికి వచ్చింది. కృష్ణ ఒడ్డున చింతపల్లి ఆయన ఊరు. ఆ రోజుల్లో చెంచులు ఊళ్ళ మీద పడి దోచుకుంటున్నారని ఫిర్యాదులొచ్చాయట. నాయుడుగారు వాళ్ళను భోజనానికి రమ్మని కబురుపెట్టి, వచ్చినవాళ్ళను వచ్చినట్టే తలలు నరికించారని మన ప్రాంతంలో చెప్పుకుంటారు. నూట యాభై మందని కొందరు, ఆరు వందల మందని కొందరు అంటారు. అమరావతి దగ్గర నరుకుళ్ళపాడు అనే ఊరికి ఆ పేరు అలా వచ్చిందనీ అంటారు.

ఆ తర్వాత సంగతి మీ అందరికీ తెలిసే ఉంటుంది. రాజావారు భోజనానికి కూర్చుంటే విస్తట్లో అన్నం పురుగులై కనబడేదట. పక్కవాళ్ళకు అది తెల్లటి అన్నమే! మనశ్శాంతి పోయింది, తిండి పోయింది. చివరకు శివుడే దిక్కని అమరావతి చేరి, ఉన్నదంతా గుళ్ళకు ధారపోశారని కథ. కుంపినీ వారితో వచ్చిన పేచీల వల్లే చింతపల్లి వదిలారని చరిత్ర రాసినవాళ్ళు అంటారు. రెండూ నిజమై ఉండవచ్చు. మనిషికి ఒక్క కష్టమే వస్తుందని ఎక్కడుంది? గుళ్ళు మాత్రం కళ్ళెదుట ఉన్నాయి. మంగళగిరి గాలిగోపురం 1807, 1809 మధ్య ఆయన కట్టించిందే. పదకొండు అంతస్తులు, 153 అడుగులు.

ఈ కథ విన్నప్పుడల్లా నాకు మా పినత్తగారు గుర్తొస్తారు. ఆవిడ ఎవర్నీ ఏమీ చేయలేదు, చీమను కూడా తొక్కని మనిషి. పెద్ద పురుడు పోయాక కంచంలో వెంట్రుకలున్నాయని అన్నం తోసేసేవారు. మేమంతా గరిట పట్టుకుని వెతికి, "ఏవీ వెంట్రుకలు? కళ్ళు పోయాయా?" అని కసిరేవాళ్ళం. తాయెత్తులు కట్టించాం, వేపమండలతో కొట్టించాం కూడా. డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళడానికి రెండేళ్ళు పట్టింది, నలుగురూ ఏమంటారోనని. మందులు వాడిన కొన్ని నెలలకు ఆవిడే పిలిచి పచ్చడన్నం కలిపి పెట్టమన్నారు. ఆవిడకు కనబడింది అబద్ధం కాదు, ఆ జబ్బు అలా చూపిస్తుంది అని డాక్టరు గారు అన్నమాట అప్పుడు గాని నాకు బుర్రకెక్కలేదు.

ఇలాంటి కష్టం మహారాజులకూ తప్పలేదు. ఫ్రాన్సు దేశానికి ఆరవ చార్లెస్ అని ఒక రాజు. 1380లో పదకొండేళ్ళకే గద్దె ఎక్కాడు. 1392 ఆగస్టులో మండుటెండలో అడవి దారిన సేనతో పోతుంటే, ఎవరి చేతిలోదో బల్లెం జారి ఖణేలుమంది. అంతే, కత్తి దూసి తన వాళ్ళనే కొందర్ని పొడిచేశాడు. అప్పుడాయనకు ఇరవై మూడేళ్ళు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు జబ్బు వస్తూ పోతూ ఉండేది. ఒకసారి తన ఒళ్ళు గాజుదని, ఎవరైనా తగిలితే పగిలిపోతానని భయపడి, బట్టల్లో ఇనుప కమ్మీలు పెట్టించుకున్నాడట. ఒక్కోసారి నెలల తరబడి స్నానం లేదు, బట్టలు మార్చడం లేదు. కట్టుకున్న ఇసబో రాణిని చూసి, "ఈవిడెవరు?" అనేవాడు. ఆవిడ గతి ఆలోచించండి! పన్నెండు మంది పిల్లల తల్లి. రాజుగారి జబ్బుకు ఆవిడే కారణమని లోకం ఆడిపోసుకుంది. మన వీధుల్లో వినని మాటా అది?

నయం చేస్తామని వచ్చిన ఇద్దరు సన్యాసులు ఏమీ చేయలేకపోతే 1398లో తలలు తీయించారు. రాజు మంచంలో ఉంటే పినతండ్రులు, తమ్ముడు అధికారం కోసం కొట్లాడుకున్నారు. 1407లో తమ్ముడు నడివీధిలో హత్యకు గురయ్యాడు. చివరకు 1420లో కన్నకొడుకును కాదని, ఇంగ్లండు రాజైన అల్లుడికి రాజ్యం రాసిచ్చిన ఒడంబడిక మీద ముద్ర పడింది. 1422లో పోయాడు. ఆ కూతురి కొడుకు, ఇంగ్లండును ఏలిన ఆరవ హెన్రీ, 1453లో ఉన్నట్టుండి మాటా పలుకూ లేకుండా అయిపోయాడు. ఆ అక్టోబరులో కొడుకు పుడితే తెచ్చి చూపించారు. ఉలుకూ పలుకూ లేదు. ఏడాది దాటి, 1454 క్రిస్మసు నాటికి తేరుకున్నాకే బిడ్డను గుర్తించాడు.

మన నాయుడుగారి ఇంట్లోనూ గొడవలకు కొదవ లేదు. పిల్లలు లేక ఒకరిని దత్తత తీసుకుని, తర్వాత మరొకరిని తీసుకున్నారు. 1816లో ఆయన పోగానే వ్యాజ్యం మొదలైంది. మొదటి దత్తుడుండగా రెండో దత్తత చెల్లదని లండనులో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పేసరికి 1846 వచ్చింది. ముప్పై ఏళ్ళు! అప్పటికి ఆస్తి ఏం మిగిలి ఉంటుంది?

ఒక్క మాట మాత్రం అనకుండా ఉండలేను. రాజావారి బాధ గురించి ఇన్ని కథలున్నాయి గాని, భోజనానికని వచ్చి తిరిగి వెళ్ళని చెంచుల్లో ఒక్కరి పేరూ మనకు తెలియదు. వాళ్ళ ఆడవాళ్ళు ఎన్నాళ్ళు ఎదురుచూశారో ఏ గుడి గోడ మీదా రాసి లేదు. మా మనవరాలికి ఆ సంగతీ చెప్పాను. "మరి ఆయనకు పాపం వల్ల పిచ్చెక్కిందా?" అంది. అక్కడే జాగ్రత్తగా చెప్పాల్సి వచ్చింది. తప్పు చేసినవాడి మనసు తల్లడిల్లడం వేరు, జబ్బు వేరు. నాయుడుగారిది ఏదో ఇవాళ మనం తేల్చలేం. కాని మా పినత్తగారు ఏ పాపం చేశారు? జబ్బుపడ్డ ప్రతివాళ్ళనూ పాపం కొట్టిందంటే, ఇంటివాళ్ళు గుట్టుగా దాచడమే నేర్చుకుంటారు.

2017లో వచ్చిన చట్టం ప్రకారం మనోవ్యాధికి వైద్యం పొందడం మన హక్కు. 14416 అనే నంబరుకు ఫోను చేస్తే డబ్బు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు. దాన్ని వంటింటి క్యాలెండరు మీద రాసిపెట్టుకున్నాను. మా ఆడపడుచు చూసి, "మీ ఇంట్లో ఎవరికమ్మా?" అంది. "ఎవరికైనా" అన్నాను. కాసేపు ఊరుకుని, ఆవిడా ఒక కాగితం అడిగి పుచ్చుకుంది.